తడి దూది

ఫ్యాన్ తిరగలేదు.

ఇన్‌స్పెక్టర్ ఉమాశంకర్ స్విచ్చి రెండుమూడు సార్లు టకటక నొక్కి, చివరికి బోర్డు మీద అరచేత్తో ఒక్కటిచ్చాడు. "ఎదవ ఫ్యాను. ముసిలోడితోపాటే పోయినట్టుంది" అన్నాడు, మెడమీద చెమట తుడుచుకుంటూ.

చచ్చిపోయినవాళ్ల గురించి అలా మాట్లాడితే నాకు ఒళ్లుమంట. కానీ పోలీసు తాళం వేసిన హాల్లోకి నన్ను రానిచ్చింది అతనే కాబట్టి కోపం మింగి ఊరుకున్నాను.

నా పేరు ఎవాంజలిన్. ఎస్సైగా పదకొండేళ్లు చేసి, పైవాళ్లకి సలాములు కొట్టలేక మానేసి, గాజువాకలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాను. ఉమాశంకర్‌ది, నాదీ ఒకే బ్యాచ్. ట్రైనింగులో పరుగుపందెంలో నన్ను ఒక్కసారీ దాటలేదు. ఆ కచ్చ అతనికి ఇప్పటికీ చల్లారలేదు.

"అరగంట ఇచ్చాను, ఎవాంజలీ. నాలుగింటికి జమీర్‌ని మేజిస్ట్రేట్ ముందు పెడతాను. ఆ తర్వాత నువ్వూ నీ క్లయింటూ లాయర్ చుట్టూ తిరగండి" అన్నాడు.

మేము నిలబడి ఉన్నది కూర్మన్నపాలెంలో, వెలుగు క్లబ్ మేడమీద హాల్లో. స్టీలు ప్లాంటు కడుతున్న రోజుల్లో నలుగురైదుగురు కార్మికులు కలిసి మొదలుపెట్టిన సేవా సంఘం ఇది. రక్తదానం, మెడికల్ క్యాంపులు అన్నీ చేస్తారు గానీ వీళ్లకి పేరు తెచ్చింది నేత్రదానం. ఈ చుట్టుపక్కల ఎవరింట్లో మనిషి పోయినా అంబులెన్సు కన్నా ముందు వెలుగు క్లబ్‌కి ఫోన్ వెళ్తుంది. ఈ ఆదివారం క్లబ్బుకి నలభయ్యేళ్ల పండగ. దానికోసం గోడనిండా పాత ఫొటోలు పెట్టి, కింద క్లబ్ చరిత్ర రాయిస్తున్నారు. ఆ పని నెత్తిన వేసుకున్నది సుందర్ రాజ్, రోలింగ్ మిల్లులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన పెద్దమనిషి. నిన్న సాయంత్రం ఈ గోడ కిందే శవమై కనిపించాడు.

పోలీసులు పట్టుకెళ్లింది జమీర్‌ని. పాతనగరంలో అతనికి ఫొటో ఫ్రేముల షాపుంది. నిన్న పొద్దుటినుంచీ ఇక్కడే ఫ్రేములు బిగించాడు. అతని భార్య ఖుష్నుమా ఇవాళ పొద్దున్నే నా దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. కుర్చీ అంచున కూర్చుని, "మా ఆయనకి నోరు పెద్దది మేడమ్. ముసలాయనతో అరిచాడు, నిజమే. చెయ్యి మాత్రం ఎత్తడు. హత్య కేసు అంటే మా గతేం కావాలి? పిల్లల్ని స్కూల్లో ఏమంటారు?" అంది. ఇప్పుడు కింద మెట్ల దగ్గర నిలబడి నాకోసం చూస్తోంది. నేను ఏదైనా తేలిస్తే ఈ అరగంటలోనే తేల్చాలి.

"నీ కేసేంటో చెప్పు" అన్నాను.

ఉమాశంకర్ ఉత్సాహంగా చెప్పాడు. కేసు ఒక్కరోజులో తేల్చేశానన్న సంబరం అతనిది.

"కింద టైలరింగ్ షాపు శ్రీసత్య సాక్షి. మధ్యాహ్నం పైన అరుపులు వింది, జమీర్ గొంతు. తర్వాత ఒంటిగంటకి దబ్బుమని చప్పుడు. అప్పుడామె మొగుడితో ఫోన్లో ఉంది. ఫోన్లో టైము నేనే చూశాను. పైన బల్ల జరుపుతున్నారేమో అనుకుందట. ఐదింటికి ప్రెసిడెంటు ఎల్లాజీ మీటింగుకని వచ్చి శవాన్ని చూసి మాకు ఫోన్ చేశాడు. అంతే."

"జమీర్ ఎప్పుడెళ్లాడో ఆమె చూసిందా?"

"మెట్లు షాపు వెనకాల కదా. చూడలేదు. చప్పుడుకి ముందే వెళ్లిపోయానంటాడు వాడు. అనకేం చేస్తాడు?"

"ఫొటోలు చూపించు."

సెల్‌ఫోన్ నా చేతికిచ్చాడు. సుందర్ రాజ్ వెల్లకిలా ఉన్నాడు. తల వెనక దెబ్బ. ఫ్రేములు ఆనించే ఇనుప స్టాండు మూల తగిలి అయిన గాయం. పక్కన స్టూలు పడిపోయి ఉంది. తల కింద మడతపెట్టిన శాలువా. కళ్లు పూర్తిగా మూసి ఉన్నాయి. చెవుల పక్కన నేలమీద, ఆ పక్కొకటి ఈ పక్కొకటి, చిన్న దూది ముద్దలు.

"ఈ దూదేంటి?"

"జమీర్‌దే. అద్దాలు తుడిచేది. తోసేశాడు, ముసలాయన పడ్డాడు, వీడికి గుండె జారింది. తల కింద శాలువా పెట్టి, దూది తడిపి మొహం తుడిచాడు. లేవలేదు. పారిపోయాడు."

"మీరు చూసేసరికి దూది తడిగా ఉందా?"

"కాస్త చెమ్మ ఉంది."

"మనిషి స్పృహ తప్పితే నువ్వైతే ఏం చేస్తావు, శంకర్?"

"నీళ్లు కొడతా. గాలి విసురుతా."

"మరి ఫ్యాన్ ఎందుకు ఆపాడు?"

"ఆపడమేంటి! ఫ్యాన్ పాడైందని ఇప్పుడే చూశావుగా!"

నేను స్టూలు లాక్కుని స్విచ్‌బోర్డు దగ్గర ఎక్కాను. ట్యూబులైటు బ్రహ్మాండంగా వెలుగుతోంది. బోర్డు మీద పింగాణీ ఫ్యూజులు వరసగా ఉన్నాయి. ఫ్యాన్ లైనుది లేదు. ఆ ఖాళీలోంచి ఇత్తడి ముక్కలు రెండు కనపడుతున్నాయి.

"పాడవలేదు. ఫ్యూజు ఎవరో పీకేశారు."

"పీకితే పీకారు. అది హత్యకి సాక్ష్యమా? నువ్వెప్పుడూ ఇంతే, ఎవాంజలీ. చేతికి దొరికిన తాడు వదిలేసి గాల్లో పోగులు పట్టుకుంటావు. అందుకే డిపార్ట్‌మెంటులో నిలవలేకపోయావు."

"నిలిచినవాళ్లు ఏం వెలగబెడుతున్నారో చూస్తున్నాగా" అన్నాను.

అప్పుడే మెట్లమీద అడుగుల చప్పుడైంది. వచ్చినావిడ జయశీల, సుందర్ రాజ్ భార్య. కళ్లు వాచిపోయి ఉన్నాయి. భర్త సంచీ, కళ్లజోడు తీసుకెళ్దామని వచ్చిందట. సంచీ అందించి, పక్కన కుర్చీ వేశాను. ఆ ఫొటో ఆవిడకి చూపించాలా వద్దా అని కాసేపు కొట్టుకున్నాను. ఆవిడే చెయ్యి చాపింది.

"సూపించమ్మా. నాను సూడలేని సావులేటి? ఆయనతో కలిపి ఎన్నిళ్లకి ఎల్లానో నాకే తెల్దు."

ఫోన్ తీసుకుని చూసింది. ఏడుస్తుందనుకున్నాను. భృకుటి ముడిపడింది.

"ఈయన్ని రెడీ సేసిందెవలు?" అంది.

ఉమాశంకర్, నేనూ ఒకళ్ల మొహాలొకళ్లం చూసుకున్నాం.

"రెడీ చెయ్యడమంటే?"

"కళ్లకమ్మా. రెప్పలు మూసీసి, మీద తడి దూది పెడతాం. తల కింద ఎత్తు పెడతాం. ఫ్యాను బంద్ సేత్తాం. గాలి తగిల్తే నల్లగుడ్డు ఎండిపోద్ది, ఇంక పనికిరాదు. డాక్టర్లు వొచ్చీదాకా అలగ కాయాల. ఇది మా వోళ్లు సేసిన పనే. దూది జారిపోనాదంతే." అంటూనే పైకి చూసింది. "ఫ్యాను ఆపినారా?"

"ఫ్యూజే పీకేశారమ్మా."

జయశీల చేతిలో సంచీ ఒళ్లోకి జారింది.

"అయితే మా వోళ్లే. బయటోళ్లు కాదు."

"అంత గట్టిగా ఎలా చెప్తారు?" అన్నాడు ఉమాశంకర్.

"ఎండాకాలం సావింట్లో ఫ్యాను ఆపితే సుట్టాలు ఊరుకుంతారా బాబూ? మనం అటు తిరిగితే ఇటేసీసుకుంతారు. ఒకపాలి అలగే రెండు కళ్లు ఎండిపోనాయి. ఈయన మూడ్రోజులు అన్నం సరిగ్గా తిన్లేదు. ఆ తర్వాత నుంచి మా వోళ్లు ఎల్లగానే ఫ్యూజు పీకీసి జేబులో ఏసుకుంతారు. 'కరెంటోళ్లకి సెప్పినాం, వొత్తన్నారు' అని అబద్ధం సెప్తారు. డాక్టర్లు కళ్లు తీసుకుని ఎల్లినాకే మళ్లీ పెడతారు."

"ఈ సంగతి బయట ఎవరికైనా తెలుసా? జమీర్‌కి?"

"బయటోళ్లకి సెప్తే ఇంకేటుంది? జేబులు ఎతికి మరీ ఏసీసుకోరూ?"

ఆ దుఃఖంలోనూ ఆవిడ నోటివెంట ఆ మాట వచ్చింది. నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. సుందర్ రాజ్‌ని నేనెప్పుడూ చూడలేదు గానీ, ఆ క్షణాన చూసి ఉంటే బాగుండేదనిపించింది.

ఉమాశంకర్ అంత తేలిగ్గా లొంగే రకం కాదు. "సరే. క్లబ్ మనిషే అనుకుందాం. అరవైమంది ఉన్నారు. ఎవడు? పైగా రెడీ చేసినవాడు కళ్లు తీసుకెళ్లమని ఫోన్ చెయ్యాలిగా. ఎవడూ చెయ్యలేదే!"

"నాను సేత్తానన్నాను. మీరే ఒప్పుకోలేదు" అంది జయశీల. గొంతు పెంచలేదు. "ఊరందరి కళ్లూ మోసిన మనిషి. ఆయన కళ్లు మాత్రం మట్టిలో కలిసిపోనాయి."

"పంచనామా కాకుండా ఎలా ఇస్తానమ్మా? రూల్ ఒప్పుకోవద్దూ?" ఉమాశంకర్ చిరాకుగా నావైపు తిరిగాడు. "ఆ ఎల్లాజీ కూడా ఇదే గోల. నిన్న ఏడింటికి స్టేషన్‌కొచ్చి గడ్డం పట్టుకుని ఒకటే ఏడుపు. 'ఇంకా గంటే ఉంది సార్, గంటే ఉంది, సంతకం పెట్టండి' అని. బయటికి పంపించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది."

"ఏమన్నాడు?"

"సంతకం పెట్టమని."

"దానికి ముందు."

"ఇంకా గంటే ఉందని. ప్రాణం పోయిన ఆరు గంటల్లోపు తీయాలంట కదా."

"ఏడింటికి ఇంకా గంటే ఉందంటే, ఎనిమిదికి అయిపోవాలి. లెక్క ఎక్కడ మొదలైనట్టు?"

ఉమాశంకర్ వేళ్లు మడిచాడు. మధ్యలో ఆగిపోయాడు.

"రెండు" అన్నాడు మెల్లిగా.

"ఐదింటికి వచ్చి శవాన్ని చూసినవాడికి, ప్రాణం రెండింటికి పోయిందని ఎవరు చెప్పారు? నువ్వు చెప్పావా?"

"నేనెందుకు చెప్తాను? నా కేసు ప్రకారం ఒంటిగంట కదా! అందాజాగా అనుంటాడు."

జయశీల తల అడ్డంగా ఊపింది. "మా వోళ్లు టైము అందాజాగా సెప్పరు బాబూ. తప్పు సెప్తే డాక్టరు వాపసు ఎల్లిపోతాడు. ఎవలింటికెళ్లినా ముందు అడిగీది అదే, ఊపిరి ఎప్పుడాగిందమ్మా అని."

"ఎల్లాజీని పిలిపించు" అన్నాను.

ఎల్లాజీ కిందనే ఉన్నాడు. ఆదివారం పండగని సంతాపసభగా మార్చారు, దానికి కుర్చీలు దింపిస్తున్నాడు. పైకి వచ్చాడు. అరవై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, దానిమీద క్లబ్ బ్యాడ్జి. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్లు లోపలికి పోయాయి. జయశీలని చూసి, "సెల్లమ్మా, నువ్వెందుకొచ్చినావు, కబురెడితే నాను తెచ్చిత్తును కదా" అన్నాడు.

నేను అతన్ని కూర్చోమనలేదు. గోడమీద మధ్యలో ఉన్న పెద్ద ఫ్రేము చూపించాను. రంగు వెలిసిన ఫొటోలో ఒక సన్నటి మనిషి, నెత్తిన తువ్వాలు. కింద అక్షరాలు: తొలి నేత్రదాత పైడయ్య, ప్రెసిడెంటు ఎల్లాజీ గారి బావ.

పొద్దున లాకప్‌లో జమీర్ నాకు చెప్పింది ఈ ఫ్రేము గురించే. "రెండుసార్లు మార్చి రాశాను మేడమ్. అద్దం బిగించేశాక మళ్లీ తీసి 'బావ' అన్న మాట కొట్టెయ్యమన్నాడు. ఎవరికైనా తిక్క రేగదా?" అన్నాడు. ఒక్క మాట కోసం ముసలాయనకి అంత పట్టుదల ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు.

"ఈ పైడయ్య మీకు ఏ వరసలో బావ?"

"మా బావేనండి."

"అదే అడుగుతున్నా. అక్క మొగుడా? చెల్లెలి మొగుడా? మేనత్త కొడుకా?"

ఎల్లాజీ చొక్కామీద బ్యాడ్జి సర్దుకున్నాడు. మన దగ్గర సొంత బావ అయితే ఈ ప్రశ్నకి జవాబు చెప్పడానికి ఎవరికీ ఆలోచించే పనుండదు.

"ఇక్కడ ప్రతోడూ ప్రతోడికీ బావే కదమ్మా" అన్నాడు చివరికి.

"నిన్న పీకిన ఫ్యూజు ఎక్కడుంది?"

చెయ్యి దానంతటది చొక్కా జేబు మీదికి వెళ్లింది. ఖాళీ జేబు. నిన్నటి చొక్కా కాదని అప్పుడు గుర్తొచ్చినట్టుంది, చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఉమాశంకర్ తలుపు దగ్గరికి నడిచి దానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆ మాత్రం పోలీసుబుద్ధి అతనికి ఉంది.

ఎల్లాజీ కుర్చీలో కూలబడ్డాడు.

"ఆడూ నానూ ఒకే కాంట్రాక్టరు కింద మట్టి మోసీవోళ్లం" అన్నాడు, ఫొటోకేసి చూడకుండా. "పైనుంచి పడి పోనాడు. ఆస్పత్రిలో డాక్టరు మన పక్కోడు కాదు. 'నీకేమవుతాడు' అనడిగినాడు. 'మా బావండి' అన్నాను. నోటికొచ్చీ మాట కదా. ఆయన నిజం బావనుకున్నాడు. 'కళ్లిస్తే ఇద్దరికి సూపొత్తాది, సరేనా' అన్నాడు. సరే అన్నాను. ఏలిముద్ర ఏసినాను. ఆడి పెళ్లాం పిల్లలు ఊర్లో ఉన్నారని తెలుసు. కబురెట్టి, ఆళ్లొచ్చీసరికి టైము దాటిపోద్ది. ఏటి సెయ్యమంతారు?"

"తర్వాత ఎందుకు చెప్పలేదు?"

"ఇద్దరికి సూపొచ్చింది. అందరూ దండలేసినారు. సొంత బావ కళ్లిచ్చినాడన్నారు. దాన్నిబట్టే క్లబ్బెట్టినాం. ఇంక ఎప్పుడు సెప్తాను?" అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. "సుందర్ రాజ్ బావకి ఒక్కడికే తెలుసు. ఇన్నాళ్లూ ఊరుకున్నాడు. సరిత్ర రాయడం మొదలెట్టినాక మనసు మారిపోనాది. ఆనందపురంలో పైడయ్య కూతుర్ని ఎతికి పట్టుకున్నాడు. ఆదివారం స్టేజీ మీద ఆ పిల్ల కాళ్లు పట్టుకుని, మీ నాన్న కళ్లు మిమ్మల్నడక్కుండా తీసుకున్నాం తల్లీ అని సెప్పాలంట. సెప్తే ఏటవుద్ది? కళ్ల దొంగలంతారు! ఆ తర్వాత ఏ ఇంట్లో మమ్మల్ని గుమ్మమెక్కనిత్తారు? ఇంకెవలిత్తారు కళ్లు? నాకోసం కాదమ్మా, క్లబ్బు కోసమే."

అతని మాటలో సగం నిజమే ఉందనిపించింది. మిగతా సగానికి మాత్రం నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ దండలు క్లబ్బు మెడలో పడలేదు, ఈయన మెడలోనే పడ్డాయి.

"నిన్న ఏం జరిగింది?" అన్నాడు ఉమాశంకర్.

"జమీరు అరిసి ఎల్లిపోనాడు. నాను వొచ్చీసరికి సుందర్ రాజ్ బావ స్టూలెక్కి తనే ఆ ఫ్రేము తీత్తన్నాడు. వొద్దన్నాను. ఇనలేదు. ఫ్రేము పట్టుకుని లాగినాను. తూలి ఎనక్కి పడ్డాడు. తోయలేదు సార్. ప్రమాణంగా తోయలేదు."

ఉమాశంకర్ ఊపిరి వదిలాడు. ఫోన్ తీసి స్టేషన్‌కి కలిపాడు. "జమీర్‌ని కోర్టుకి తేవొద్దు. స్టేట్‌మెంట్ రాయించుకుని పంపించెయ్యండి. ఆఁ, నేనే చెప్తున్నాను." ఫోన్ పెట్టి, నా మొహంలోకి చూడకుండా, "నీ క్లయింటుకి చెప్పుకో, పో" అన్నాడు.

నేను కిటికీలోంచి వంగి కిందకి చూశాను. ఖుష్నుమా తలెత్తి చూస్తోంది. ఇంటికి వచ్చేస్తున్నాడని అరిచి చెప్పాను. ఆ మనిషి పొద్దుటినుంచీ ఏడవనిది, అప్పుడు మెట్లమీద చతికిలబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

వెనక్కి తిరిగేసరికి ఉమాశంకర్ ఎల్లాజీ భుజం మీద చెయ్యేసి, కాస్త మెత్తగానే మాట్లాడుతున్నాడు. "ప్రమాదమే అయితే సెక్షన్ మారుద్ది. నిన్ననే చెప్పాల్సింది పెద్దాయనా, మమ్మల్ని ఇంత తిప్పలు పెట్టకుండా."

"శంకర్, చప్పుడు ఒంటిగంటకి" అన్నాను.

"అవును."

"ఈయన లెక్క రెండింటినుంచి."

ఉమాశంకర్ చెయ్యి భుజం మీంచి తీసేశాడు.

నేను అడగబోయే ప్రశ్న నాకంటే ముందే జయశీలకి అందింది. లేచి ఎల్లాజీ ఎదురుగా నిలబడింది.

"అన్నయ్యా, ఆ గంటసేపూ ఆయన బతికే ఉన్నారా?"

ఎల్లాజీ తలెత్తలేదు. "ఉన్నాడమ్మా."

"నువ్వెక్కడున్నావు?"

"పక్కనే కూసున్నాను. సెయ్యి పట్టుకునే కూసున్నాను. లేత్తే ఆదివారం సెప్పీత్తాడు. ఏటి సెయ్యాలో తెలీలేదు."

"మాటాడినారా?"

"ఒక్కపాలి."

"ఏటన్నారు?"

"కళ్లు జాగర్తగా సూసుకో అన్నాడు."

జయశీల కుర్చీ మీది సంచీ తీసుకుని భుజానికి తగిలించుకుంది. తర్వాత, నాకూ ఉమాశంకర్‌కీ కాదు, తనకి తనే చెప్పుకుంటున్నట్టు అంది.

"అంటే నువ్వు ఎవల్నీ పిలవ్వని ఆయనకి తెలిసిపోనాది."